కదలని కొంగ

పర్లాకిమిడి, రాజవీధి వెనక సందు.
మా స్టూడియో బోర్డు మీద పేరు రెండు లిపుల్లో ఉంటుంది,
ఒడియాలో గుండ్రంగా, తెలుగులో ఇంకొంచెం గుండ్రంగా.
పదింటికి కుంజబిహారి మహారణా వచ్చి
బిస్కెట్ల డబ్బా బల్ల మీద బోర్లించాడు.
రెండు వందల పన్నెండు ఫొటోలు,
కొన్ని ఏదో పాత వానకి ఒకదానికొకటి అతుక్కుపోయి.

'బ్లూరే చెయ్యి మా. సూరత్ నుంచి మేనల్లుడు ప్లేయర్ తెచ్చాడు,
అందులో వెయ్యడానికే ఏమీ లేదు.'
పెన్‌డ్రైవ్ ఇస్తానన్నాను, ఖర్చు తగ్గుతుందని.
'దాన్ని ఎవడో ఒకడు తుడిపేస్తాడు.
డిస్కంటే కాల్చి రాసేది కదా?
చెక్కినట్టే. తప్పు పడితే తప్పే ఉంటుంది.'

గేదె కొమ్ముతో యాభై ఏళ్లు కొంగలు చెక్కిన చేతుల్ని
నా కీబోర్డు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

మొదట సైజు.
పంతొమ్మిది వందల ఇరవై అడ్డం, వెయ్యిన్నీ ఎనభై నిలువు.
పాత ఫొటోలకి అంత వెడల్పు ఎక్కడిది?
సాగదీస్తే మనుషులు బూరెల్లా ఉబ్బుతారు.
కోసి నింపాను, ఒక గ్రూపు ఫొటో మీద:
కుర్చీల్లో సావుకారు, సావుకారు బావమరిది, ఎవరో ఆఫీసరు,
వెనక నిలబడ్డ పనివాళ్లు,
అందరూ తెర నిండా.
ఆయన తెరకి ముక్కు ఆనించి అడిగాడు:
'కింద కూచున్నోళ్లేరీ?'

కింద, చాప మీద, నలుగురు కుర్రాళ్లు.
మధ్యవాడి చేతిలో పలక, పలక మీద సుద్దతో 1961.
ఆ పలక పట్టుకున్నది ఆయనే.

కోత తీసేశాను. ఇరుపక్కలా నల్ల పట్టీలొచ్చాయి.
బాగోలేదేమో, ఏదైనా రంగు నింపనా అన్నాను.
'ఉండనీ. కొమ్మూ నలుపే కదమ్మా.'

తర్వాత కదలిక.
సాఫ్ట్‌వేర్ దానంతటదే ప్రతి ఫొటోనీ జరుపుతుంది,
దగ్గరికి లాగుతుంది. పెళ్లివాళ్లకి అదే ఇష్టం.
కొంగ ఎడమ నుంచి కుడికి జారుతుంటే
ఇరవై నాలుగు ఫ్రేముల దగ్గర ఈకలు కుంటాయి.
గీత విడిచి గీత చూపే యాభైకి మార్చాను,
సన్నటి ఈకలన్నీ చీమలు పట్టినట్టు మినుకుమన్నాయి.
మళ్లీ ఇరవై నాలుగు. మళ్లీ కుంటు.
'ఎందుకు దాన్ని కదుపుతావు?
చెక్కేటప్పుడు కదిలుంటే నా వేలు తెగేది.'

టిక్కులన్నీ తీసేశాను.
కొంగ నిలబడింది.
నిలబడ్డాక ఇరవై నాలుగే చాలింది.

బిట్‌రేటు ఎలా చెప్పను?
సెకనుకి ఎంత వివరం మొయ్యాలో అది, బండి మీద బరువు, అన్నాను.
ఎనిమిది పెట్టి, ఇరవై ఐదు పెట్టి
అదే ఈకని పక్కపక్కన చూపించాను.
కళ్లద్దాలు తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసేసి
'ఎనిమిది మా చిన్నోడి పని,' అన్నాడు.
'పైన మెరుపుంది, లోపల గీత లేదు.
ఆకురాయి తొందరగా తోస్తే ఇంతే.'

ఒక్కో ఫొటోకి ఆరు సెకన్లు.
ఒక్కదానికి మాత్రం నలభై అడిగాడు.
అందులో ఎవరూ లేరు.
పనిశాల గుమ్మం, మూసిన తలుపు, పక్కన కొమ్ముల గుట్ట.
నేనడగలేదు. ఆయన చెప్పలేదు.

అరవై ఒక్క శాతం దగ్గర కరెంటు పోయింది.
యూపీఎస్ కాసేపు ఏడ్చి ఊరుకుంది.
పాతపట్నంలో ఉంటుందిలే, అనుకున్నాం,
అక్కడివాళ్లు మన గురించి అనుకున్నట్టే.
చీకట్లో అడిగాడు:
'సగం అయింది కదా, అది పనికిరాదా?'
రాదు తాతా. మొదటినుంచీ చెయ్యాలి.
'సగంలో పగిలిన కొంగని మేం దువ్వెన చేస్తాం.
దీన్ని దేనికీ చెయ్యలేమా?'

రాత్రి ఎనిమిదిన్నరకి డిస్కు బయటికొచ్చింది, వెచ్చగా.
ఇరవై ఐదు జీబీలో నాలుగు నిండాయి.
కింది వైపు మధ్యలో సన్నటి ముదురు వలయం,
మిగతాదంతా ఖాళీ.
ట్యూబులైటుకి ఏటవాలుగా పట్టుకుని
పాలిష్ చూసినట్టు చూశాడు.
అంచు మీద గోరు మెల్లగా తిప్పాడు,
ఎక్కడైనా గరుకుందేమోనని.